140 విండోస్ కంప్యూటర్ల నుంచి పాత సాఫ్ట్‌వేర్లను స్క్రిప్టుతో తొలగించే సరైన పద్ధతి ఏది?

ప్రశ్న (ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు)

అందరికీ నమస్కారం. ఇక్కడి ఒక సంస్థలో 140 విండోస్ కంప్యూటర్ల బాగోగులను నేనూ, మరో సహోద్యోగీ చూసుకుంటున్నాము. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసినందున యంత్రాలను విడతలవారీగా విండోస్ 11కు మారుస్తున్నాము. దానికి ముందు మూడు పాత సాఫ్ట్‌వేర్లను తీసివేయాలి: వాడుకలో లేని ఒక వీపీఎన్ క్లయింట్, ఒక పాత పీడీఎఫ్ రీడర్, ఉద్యోగులు ఎవరికి వారు వేసుకున్న ఒక స్క్రీన్ రికార్డర్. ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి కంట్రోల్ ప్యానెల్ తెరిచి తీసివేయాలంటే ఇద్దరికి వారాలు పడుతుంది.

అందుకని డబ్ల్యూఎంఐసీలో (విండోస్ సమాచారాన్ని కమాండులతో అడిగే పాత పనిముట్టు) ప్రొడక్ట్ పేరు ఇచ్చి, చివర కాల్ అన్‌ఇన్‌స్టాల్ అని రాసే పాత కమాండును ఒక బ్యాచ్ ఫైలులో పెట్టి, స్టార్టప్ స్క్రిప్టుగా 20 యంత్రాలకు పంపాను. వీపీఎన్ క్లయింట్ చాలా యంత్రాల్లో పోయింది. అయితే మరునాడు ఉదయం యంత్రాలు తెరుచుకోవడానికి ఎంతోసేపు పట్టింది. డిజైన్ విభాగంలోని ఒకామె వాడే సాఫ్ట్‌వేర్ తనంతట తానే మళ్లీ కాన్ఫిగర్ అయి, ఆమె ఏళ్లుగా కూర్చుకున్న సెట్టింగులన్నీ చెరిపేసుకుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిస్తే, నేను ముట్టుకోని సాఫ్ట్‌వేర్ల పేర్లతో 1035 నంబరు ఈవెంట్లు వరుసగా కనిపించాయి. పీడీఎఫ్ రీడర్, స్క్రీన్ రికార్డర్ మాత్రం ఆ కమాండుకు అసలు కనిపించనే లేదు. కొత్తగా విండోస్ 11 వేసిన రెండు యంత్రాల్లో ఆ కమాండే లేదని జవాబు వచ్చింది.

ఆమెకు ఒక పూట పని నష్టపోవడానికి కారణం నేనే. మిగిలిన 120 యంత్రాలను ముట్టుకునే ముందు ఏం జరిగిందో అర్థం చేసుకోవాలి. దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు (అంబత్తూరు, చెన్నై)

మీరు 1035 ఈవెంట్లను గమనించడం మంచిదయింది, ఎందుకంటే జరిగినదంతా ఆ నంబరులోనే ఉంది: విండోస్ ఇన్‌స్టాలర్ ఒక సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ కాన్ఫిగర్ చేసిందని దాని అర్థం. డబ్ల్యూఎంఐసీలో ప్రొడక్ట్ అని అడిగినప్పుడు జవాబు చెప్పేది విన్32_ప్రొడక్ట్ అనే డబ్ల్యూఎంఐ క్లాసు. చూడటానికి అది ఒక జాబితాలా ఉంటుంది గానీ, దానిని అడిగిన ప్రతిసారీ విండోస్ ఇన్‌స్టాలర్ ద్వారా వేసిన ప్రతి ప్యాకేజీనీ అది తనిఖీ చేస్తుంది, ఎక్కడైనా తేడా కనిపిస్తే అక్కడికక్కడే మరమ్మతుకు పూనుకుంటుంది. మీరు ఒక్క పేరే ఇచ్చినా, ఆ పేరు ఎవరిదో తెలుసుకోవడానికి అది అన్నింటినీ తిరగేయక తప్పదు. డిజైన్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు పోయింది ఆ మరమ్మతులోనే. తొలగించడానికే కాదు, కేవలం జాబితా చూడటానికి కూడా ఆ క్లాసును వాడకండి. పవర్‌షెల్ నుంచి అడిగినా ఫలితం అదే.

కమాండ్ కనిపించకపోవడానికి కారణం వేరు. డబ్ల్యూఎంఐసీ అనే పనిముట్టుకు విండోస్ 10 21హెచ్1 నాడే వీడ్కోలు ప్రకటించారు, విండోస్ 11 24హెచ్2 నుంచి దానిని ముందుగానే నిలిపివేసి ఇస్తున్నారు. పాత బ్యాచ్ ఫైళ్లలో దాన్ని నమ్ముకున్నవారంతా ఇప్పుడో అప్పుడో మారవలసిందే.

సరైన చోటు రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోటు. హెచ్‌కేఎల్ఎంలో (యంత్రం మొత్తానికి చెందిన భాగం) సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్ అనే వరుసలో వెళితే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఒక కీ ఉంటుంది. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ సాఫ్ట్‌వేర్ల కీలు సాఫ్ట్‌వేర్ తరువాత వావ్6432నోడ్ అనే మరో మెట్టు కింద ఉంటాయి కాబట్టి రెండు చోట్లా వెతకాలి. ఒక్కో కీలో డిస్‌ప్లేనేమ్, డిస్‌ప్లేవెర్షన్, అన్‌ఇన్‌స్టాల్‌స్ట్రింగ్ అనే విలువలు, కొన్నింటిలో క్వయట్‌అన్‌ఇన్‌స్టాల్‌స్ట్రింగ్ కూడా ఉంటాయి. వీటిని చదివితే ఏ తనిఖీ, ఏ మరమ్మతు మొదలుకావు, జవాబు కూడా క్షణాల్లో వస్తుంది.

వీపీఎన్ క్లయింట్ ఆ కమాండుకు కనిపించిందంటే అది ఎంఎస్ఐ ప్యాకేజీయే, అంటే విండోస్ ఇన్‌స్టాలర్ ద్వారా వేసినదే. దాని కీలో విండోస్‌ఇన్‌స్టాలర్ అనే విలువ 1గా ఉంటుంది, మీసాల బ్రాకెట్లలో ఉన్న పొడవైన సంఖ్యే ఆ కీ పేరుగా ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్‌స్ట్రింగ్‌ను ఉన్నదున్నట్టు నడపకండి. చాలా ప్యాకేజీలు అందులో తొలగింపుకు వాడే స్లాష్ ఎక్స్‌కు బదులు స్లాష్ ఐ రాస్తాయి, అప్పుడు తొలగింపు జరగదు. కీ పేరును మాత్రమే తీసుకుని, ఎంఎస్ఐఎగ్జెక్‌కు (విండోస్ ఇన్‌స్టాలర్‌ను నడిపే కమాండు) స్లాష్ ఎక్స్, ఆ సంఖ్య, తెరపై ఏమీ చూపకుండా ఉండటానికి స్లాష్ క్యూఎన్, స్లాష్ నోరీస్టార్ట్, లాగ్ కోసం స్లాష్ ఎల్ స్టార్ వీ, ఆ తరువాత ఒక ఫైలు పేరు ఇచ్చి మీరే కమాండును కూర్చుకోండి. ఆ సంఖ్యను స్క్రిప్టులో నేరుగా రాసి పెట్టుకోవద్దు. వెర్షన్ మారినప్పుడు అది సాధారణంగా మారుతుంది, మీ 140 యంత్రాల్లో ఎన్ని వెర్షన్లు ఉన్నాయో ముందుగా ఎవరికీ తెలియదు.

పీడీఎఫ్ రీడర్ ఆ క్లాసుకు కనిపించలేదంటే ఎంఎస్ఐ కాదు, సొంత ఇన్‌స్టాలర్‌తో వచ్చినది. ఇన్‌స్టాలర్లను తయారుచేసే పనిముట్లలో ఇన్నో సెటప్‌తో చేసినదైతే తొలగించే ఫైలు పేరు ఎక్కువగా అన్‌ఇన్స్000 అని ఉంటుంది, దానికి వెరీసైలెంట్, సప్రెస్‌ఎంఎస్‌జీబాక్సెస్, నోరీస్టార్ట్ అనే మాటలు ఇవ్వాలి. అలాంటిదే మరో పనిముట్టు ఎన్ఎస్ఐఎస్‌తో చేసినదైతే స్లాష్ ఎస్ చాలు, అయితే ఆ ఎస్ పెద్ద అక్షరమే కావాలి. ఎన్ఎస్ఐఎస్ అన్‌ఇన్‌స్టాలర్ తనను తాను టెంప్ ఫోల్డరులోకి నకలు చేసుకుని అక్కడి నుంచి పని చేస్తుంది, మొదటి ప్రాసెస్ వెంటనే ముగిసిపోతుంది. పని పూర్తయిందని స్క్రిప్టు పొరబడుతుంది. కాబట్టి కొంత ఆగి, రిజిస్ట్రీ కీ నిజంగా పోయిందో లేదో చూసిన తరువాతే విజయంగా లెక్కించండి.

పేర్ల విషయంలో ఒక మాట. స్టార్ గుర్తు పెట్టి సగం పేరుతో వెతికితే, అదే మాట ఉన్న వేరే సాఫ్ట్‌వేర్ కూడా వలలో పడుతుంది. మొదటి వారం ఏదీ తొలగించకుండా, దొరికిన పేర్లను, వెర్షన్లను ఒక ఫైలులోకి రాసే స్క్రిప్టును మాత్రమే పంపి, ఆ జాబితాను కళ్లతో చదివిన తరువాత ముందుకు వెళ్లండి.

రెండవ జవాబు (మారతహళ్లి, బెంగళూరు)

పై జవాబుతో ఏకీభవిస్తూ, స్క్రీన్ రికార్డర్ గురించి చెబుతాను. ఉద్యోగులు అడ్మిన్ హక్కులు లేకుండా వేసుకున్నవి సాధారణంగా హెచ్‌కేఎల్ఎంలో ఉండవు, ఆ వ్యక్తి హెచ్‌కేసీయూలోనే (రిజిస్ట్రీలో ఆ ఒక్క ఖాతాకే చెందిన భాగం) ఉంటాయి. స్టార్టప్ స్క్రిప్టు సిస్టమ్ ఖాతాలో నడుస్తుంది కాబట్టి, అది చూసే హెచ్‌కేసీయూ సిస్టమ్‌దే తప్ప మీ ఉద్యోగిది కాదు. దీనికి తేలికైన దారి లాగాన్ స్క్రిప్టు. ఉద్యోగి లాగిన్ అయినప్పుడు అతని ఖాతాలోనే నడుస్తుంది, అతని హెచ్‌కేసీయూను చదువుతుంది, అడ్మిన్ హక్కులు సాధారణంగా అవసరం కావు.

ఇంకొక సంగతి. మీరు యంత్రాలకు స్క్రిప్టులు పంపే సాధనం 32 బిట్‌దైతే, దాని నుంచి మొదలైన పవర్‌షెల్ కూడా 32 బిట్‌దే అవుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ కింద అడిగినా విండోస్ దానిని చప్పుడు లేకుండా వావ్6432నోడ్ వైపు మళ్లిస్తుంది. 64 బిట్ సాఫ్ట్‌వేర్లు ఏ యంత్రంలోనూ లేవని జాబితా వస్తే కంగారు పడకుండా ముందుగా ఇది చూడండి.

మూడవ జవాబు (వేళచ్చేరి, చెన్నై)

సాఫ్ట్‌వేర్లను వేయడానికి, తీయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే కమాండు వింగెట్‌ను ఎవరూ ప్రస్తావించలేదు. ఒక యంత్రం ముందు కూర్చుని పని చేసేటప్పుడు వింగెట్ అన్‌ఇన్‌స్టాల్ చాలా హాయిగా ఉంటుంది. అయితే అది సిస్టమ్ ఖాతాలో మామూలు పేరుతో పిలిస్తే పలకదు. 140 యంత్రాలకు రిజిస్ట్రీ పద్ధతినే నేనూ ఎంచుకుంటాను.

అడిగినవారి జవాబు

ముగ్గురికీ కృతజ్ఞతలు. వారం పాటు జాబితా మాత్రమే తీశాను. వీపీఎన్ క్లయింట్‌కు నాలుగు వెర్షన్లు, నాలుగు వేర్వేరు సంఖ్యలు బయటపడ్డాయి. నిన్న సాయంత్రం అందరూ వెళ్లిన తరువాత ఎనిమిది యంత్రాల్లో దానిని తొలగించాను. నాలుగింటిలో ఎగ్జిట్ కోడ్ (పని ముగిశాక కమాండు తిరిగి ఇచ్చే ఫలిత సంఖ్య) 0, రెండింటిలో 3010, ఒకదానిలో 1618, ఒకదానిలో 1612 వచ్చాయి. డిజైన్ విభాగంలోని యంత్రంలో ఈసారి 1035 ఈవెంట్లు ఒక్కటీ లేవు, ఆమె సెట్టింగులు భద్రంగా ఉన్నాయి. చివరి రెండు కోడ్ల విషయంలో ఏం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

3010 విజయమే, రీస్టార్ట్ మిగిలి ఉందని అర్థం. మీ స్క్రిప్టు దానిని వైఫల్యంగా లెక్కించకూడదు. 1618 అంటే ఆ సమయంలో మరో ఇన్‌స్టలేషన్ నడుస్తోందని అర్థం. విండోస్ ఇన్‌స్టాలర్ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది కాబట్టి పది నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించేలా రాయండి. ఇకముందు 1605 కూడా ఎదురుకావచ్చు, ఆ ప్రొడక్ట్ ఆ యంత్రంలో లేదని దాని అర్థం.

1612 మాత్రం కొంచెం కష్టం. ప్యాకేజీ మూలం దొరకడం లేదని అది చెబుతోంది. ఎంఎస్ఐ వేసినప్పుడు విండోస్ తన ఫోల్డరులోని ఇన్‌స్టాలర్ అనే ఉపఫోల్డరులో ఒక నకలు దాచుకుంటుంది, తొలగించేటప్పుడు దానినే చదువుతుంది. డిస్కులో చోటు కోసం ఎవరో ఆ ఫోల్డరును ఖాళీ చేసి ఉంటారు. అదే వెర్షన్‌కు చెందిన అసలు ఎంఎస్ఐ ఫైలును అదే పేరుతో తెచ్చి, ఎంఎస్ఐఎగ్జెక్‌కు స్లాష్ ఎఫ్‌వీ ఇచ్చి నడిపితే ఆ నకలు మళ్లీ ఏర్పడుతుంది, ఆ తరువాత తొలగింపు మామూలుగా జరుగుతుంది. ఫైలు ఎక్కడా దొరకకపోతే, మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ రిజిస్ట్రీలోని ఆనవాళ్లను తీసివేస్తుంది. అలా చేసిన యంత్రంలో వీపీఎన్ సర్వీసు, నెట్‌వర్క్ అడాప్టరు మిగిలిపోయాయేమో డివైస్ మేనేజర్, సర్వీసుల జాబితా తెరిచి స్వయంగా చూడండి. అవి ఉండగా ఆ యంత్రాన్ని విండోస్ 11కు మార్చకండి.