తాబేలు గుడ్లు హేచరీకి తరలించాలా, పెట్టిన చోటే వదిలేయాలా?

రాత్రి గస్తీ:
నిన్న తెల్లవారుజామున 4 గంటలకి విశాఖ తీరంలో సాగర్‌నగర్ దగ్గర గూడు దొరికింది. 112 గుడ్లు. అటవీశాఖ వాళ్ల హేచరీకి (పిల్లలు బయటికొచ్చేదాకా గుడ్లని ఇసుకలో పెట్టి కాపాడే చోటు) చేర్చాం. ఫోటో పెడితే ఒకాయన "తల్లి పెట్టిన చోటు మార్చే హక్కు మీకెవరిచ్చారు" అని రాశారు. అక్కడే వదిలేస్తే తెల్లారేసరికి కుక్కలు తవ్వి తినేసేవి. ఆయన వచ్చి కాపలా ఉంటారా?

భీమిలి మాస్టారు:
ఆ ఒకాయన నేనే. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకి పిండం పెంకు లోపలి పొరకి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోతుంది. మీరు ఎన్ని గంటల తర్వాత తీశారో రాయలేదు. ఇంకోటి, ఈ ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే రకం తాబేళ్లలో ఆడా మగా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి పెరిగితే ఆడవే ఎక్కువ. గూళ్లన్నీ ఒకేచోట, ఒకే ఎండలో పెడితే ఏమవుతుందో ఆలోచించారా?

రాత్రి గస్తీ:
తల్లి వెళ్లి గంట కూడా కాలేదు, జాడ ఇంకా తడిగానే ఉంది. హేచరీ మీద నీడ కూడా వేస్తారు. పైగా బీచ్ రోడ్డు పొడవునా లైట్లే కదా. పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి. సముద్రం వదిలేసి రోడ్డెక్కుతాయి.

ఉప్పుగాలి:
పిల్లల్ని వదిలే రోజు సెల్ఫీ బ్యాచ్ వేసే ఫ్లాష్ లైట్ల మాటేంటి మరి?

భీమిలి మాస్టారు:
మంచి ప్రశ్న. గస్తీలో మీరు వాడే టార్చి ఏ రంగుది?

రాత్రి గస్తీ:
తాబేళ్లు బెదరకుండా ఎర్ర కాగితం చుట్టి వాడతాం సార్.

భీమిలి మాస్టారు:
మీ ఫోటోలో తెల్ల వెలుగే కనిపిస్తోంది.

రాత్రి గస్తీ:
అది ఫోన్ ఫ్లాష్. తల్లి వెళ్లిపోయాక తీసింది!! 112 గుడ్లు కాపాడితే టార్చి దగ్గర పట్టుకున్నారేంటండీ.

జాలరిపేట కుర్రోడు:
టార్చి సంగతి నాకు తెలీదు గానీ, పోయిన నెల మా నాన్న ఒడ్డున వల సర్దుకుంటుంటే మీలాంటి కుర్రాళ్లు నలుగురొచ్చి సంచి విప్పి చూపించమన్నారు. గుడ్లున్నాయేమోనట. 60 ఏళ్ల మనిషి. మా ఇంట్లో తాబేలుని శ్రీకూర్మం దేవుడంటాం. వలలో పడితే బొట్టు పెట్టి నీళ్లలో వదిలేవాడు మా తాత.

రాత్రి గస్తీ:
మీ నాన్నగారిని అనలేదు తమ్ముడూ. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి అది. గుడ్డు తీసినా నేరమే. అనుమానం వస్తే అడగకుండా ఎలా?

జాలరిపేట కుర్రోడు:
చట్టం నాకూ తెలుసు. సంచి విప్పించే అధికారం మీకెవరిచ్చారు? గూడు కనిపిస్తే ఫోన్ చేసేది మేమే, ఫోటోలో మాత్రం మీరు. ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లు ఎక్కడివో మీకు తెలీదా? పెద్ద బోట్లు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కితే గాలి పీల్చడానికి పైకి రాలేక చస్తాయి. తప్పించుకునే దారి వలకి బిగించమంటే బోటు యజమానులు చేపలు పోతాయంటారు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఈ ఒడ్డున తాబేళ్లు ఎక్కువగా గుడ్లు పెట్టేది జనవరి, ఫిబ్రవరి, మార్చి. లెక్క మీరే చూసుకోండి.

రాత్రి గస్తీ:
బోటు యజమానుల్ని మేమేం చేయగలం? మా చేతికందేది ఒడ్డే.

జాలరిపేట కుర్రోడు:
నేనూ అదే అంటున్నా. బోట్ల మీదకి వెళ్లలేరు కాబట్టి ఒడ్డు మీద మా నాన్న దొరికాడు.

ఉప్పుగాలి:
🙏

రాత్రి గస్తీ:
... సంచి విప్పించడం తప్పే. ఆ కుర్రాళ్లు ఎవరో కనుక్కుంటాను. కానీ గూడు దొరికితే మాత్రం తరలిస్తాం, అందులో మార్పు లేదు.

జాలరిపేట కుర్రోడు:
తరలించొద్దని నేనెప్పుడన్నాను? అన్నది మాస్టారు.

భీమిలి మాస్టారు:
నేనిప్పటికీ అంటున్నా. ఆ ఎర్ర కాగితం ఎన్ని పొరలు చుట్టారు?