ఊళ్లో పది నాటుకోళ్లు కోసి అమ్మేవాళ్లకూ రూల్స్ కావాలా?

పలమనేరు రైతు:
మామిడితోపులో నాటుకోళ్లు పెంచుతాం. ఆదివారం అడిగినవాళ్లకు కోసి, పసుపు పూసి కాల్చి, ముక్కలు కొట్టి ఇస్తాం. రిజిస్ట్రేషన్ లేకుండా అలా అమ్మకూడదని మొన్న ఒకాయన అన్నాడు. ప్రాణంతో ఉన్న కోడిని అమ్మితే ఎవరూ ఏమీ అడగరు. అదే కోడిని కొన్నవాళ్ల కళ్లముందే కోసిస్తే మాత్రం కాగితాలు కావాలంట. ఇదేం న్యాయం?

తిరుపతి వాసి:
అన్నా, ఆ కాగితం మీరు భయపడేంత పెద్దది కాదు. 2006 ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నియమాల్లో చిన్నవాళ్లకు వేరే లెక్క పెట్టారు. రోజుకు 50 కోళ్లు, లేదా 10 మేకలు, గొర్రెల లోపు కోసేవాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫీజు ఏడాదికి 100 రూపాయలే పెట్టారు. 2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చుట్టుపక్కల చికెన్ దుకాణాలు మూయించారు. అలాంటప్పుడు ఎవరు ఎక్కడ అమ్ముతున్నారో తెలియకపోతే అధికారులు ఎవరికని చెప్తారు?

నాకు అసలు భయం కోళ్ల గురించి కాదు, మేకలు, గొర్రెల గురించి. మందలో ఉన్నట్టుండి పడి చచ్చిన గొర్రెను తక్కువ ధరకు కోసి పంచుకోవడం మన పల్లెల్లో ఇంకా ఉంది. అది దొమ్మ రోగమైతే, అంటే ఆంత్రాక్స్ అయితే, కళేబరాన్ని కోయనే కూడదు. కోసినచోట పడిన రక్తంతో ఆ క్రిమి మట్టిలోకి చేరి ఏళ్ల తరబడి బతుకుతుంది. కోసినవాడి చేతికి చిన్న గీత ఉన్నా చాలు, పుండు లేస్తుంది. అందుకే కోసేముందు ఒకసారి, కోశాక ఒకసారి డాక్టర్ చూడాలంటారు. ఇందులో చిన్న వ్యాపారి, పెద్ద వ్యాపారి అని తేడా చూపకూడదు. మనిషి ప్రాణం కదా.

చిత్తూరు మటన్ అంగడి:
తిరుపతి అన్న చెప్పింది నిజమే, కానీ మా బాధ కూడా వినండి. 2001 కబేళా నియమాల ప్రకారం మున్సిపాలిటీలో గుర్తింపు ఉన్న కబేళాలో తప్ప ఎక్కడా కోయకూడదు. అది పాటిస్తే ఆటో బాడుగ, కూలి అన్నీ మా మీదే పడతాయి. రోడ్డు పక్కన చెట్టుకు వేలాడదీసి కోసేవాడికి ఆ ఖర్చేదీ లేదు, కిలోకు తగ్గించి అమ్ముతాడు. రూల్ అందరికీ పెట్టి తనిఖీ మాత్రం అంగడి ఉన్నవాడికే చేస్తే, నిజాయితీగా ఉన్నవాడే మునుగుతాడు.

పలమనేరు రైతు:
దొమ్మ రోగం సంగతి ఒప్పుకుంటా. మా అవ్వ కూడా చచ్చిన గొర్రెను ఇంటికి తేనిచ్చేది కాదు. కోళ్లకు రిజిస్ట్రేషన్ చేయిస్తా, మీసేవలో అడుగుతా. కానీ మేకలు కోసే మా పక్కింటాయన తెల్లవారుజామున ఐదింటికి డాక్టర్‌ను ఎక్కడ పట్టుకోవాలి? పశువుల ఆసుపత్రి తెరిచేసరికి ఊళ్లో కూర ఉడికిపోయుంటుంది.

తిరుపతి వాసి:
మనం గట్టిగా అడగాల్సింది అదే అన్నా. రూల్ తీసేయమని కాదు. ఆదివారాలూ సంత రోజులూ తెల్లవారుజామునే మండలానికి ఒకచోట డాక్టర్ ఉండాలి. అక్కడే నీళ్లు, సిమెంటు గచ్చు, పేగులు పూడ్చడానికి గుంత ఉండాలి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్కడికే తోలుకొస్తారు. చిత్తూరు అన్నా, మీ అంగళ్లవాళ్లు కూడా సంతకం పెడితే కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇద్దాం.