ఒహాయో సంతలో దొరికిన వెనక చక్రం: పాలిష్ చేయించనా, ఉన్నదున్నట్టు ఉంచనా?

కొలంబస్_శీను:

అందరికీ నమస్కారం. ఉండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. మాది తణుకు. చిన్నప్పుడు మా బాబాయి యెజ్డీ వెనక కూర్చుని ఊరంతా తిరిగాను, టూస్ట్రోక్ పిచ్చి అక్కడే అంటుకుంది.

ఏటా జులైలో లెక్సింగ్టన్ దగ్గర మిడ్ ఒహాయో ట్రాక్‌లో వింటేజ్ మోటార్‌సైకిల్ డేస్ జరుగుతాయి కదా, అక్కడి పాత సామాన్ల సంతకి వెళ్లాను. కార్బురేటర్ కోసం వెళ్లి బండే కొనుక్కొచ్చాను. 1970ల నాటి సుజుకీ టీఎం 400, మోటోక్రాస్ (మట్టి ట్రాక్ రేసు) బండి. ఇంజన్ పట్టేసింది, ట్యాంకుకు రెండు సొట్టలు, సీటు ఎలుకలు తినేశాయి. 1,400 డాలర్లు. అమ్మిన పెద్దాయన డబ్బులు లెక్కపెట్టుకుంటూ, "వెనక చక్రం మాత్రం ఫ్యాక్టరీ టీమ్ బండిది, జాగ్రత్త" అన్నాడు, అంటే కంపెనీ తన సొంత రేసర్లకి చేయించిన బండిదని. అమ్మేవాళ్లు ఏమైనా చెప్తారులే అని నవ్వి ఊరుకున్నాను.

ఇంటికొచ్చి చక్రాలు విప్పాక ఆ నవ్వు పోయింది. వెనక హబ్, అంటే స్పోకులు బిగించే చక్రం నడిమి భాగం, ముందుదానిలా లేదు. నున్నగా కాకుండా నువ్వులద్దిన అరిసెలా గరుకుగా ఉంది. అక్కడక్కడ బెల్లం పాకం రంగు పూత మిగిలింది. స్పోకులు దూరే రంధ్రాల చుట్టూ తెల్లటి పొడి, గోకితే సుద్దలా రాలుతోంది.

ఇక్కడి షాపులో ఒకాయన బ్లాస్టింగ్ చేసి (ఇసుకలాంటిది వేగంగా చిమ్మి పై పొర తీసి) అద్దంలా పాలిష్ కొట్టిస్తాను, 300 డాలర్లు అన్నాడు. మా ఆవిడేమో ఈ తుప్పుముక్క మెరిస్తేనే గరాజ్‌లో చోటు అంటోంది. ఇది నిజంగా కంపెనీ రేస్ బండి భాగమేనా? పాలిష్ చేయించనా? పట్టేసిన ఇంజన్‌ని ఎలా వదిలించాలి?

రాణిగంజ్_కిక్కర్:

తమ్ముడూ, ఇంజన్ సంగతి నేను చెప్తా. కిక్ మీద ఎక్కి తొక్కొద్దు, ఎవరితోనూ తొక్కించొద్దు. ప్లగ్ తీసి లోపల ఆయిల్ పోసి వారం వదిలెయ్. ఆ రోజుల్లో రేసోళ్లు పెట్రోల్‌లో ఆముదం నూనె కలిపి నడిపేవాళ్లు. నిలవ ఉంటే అది లక్కలా గట్టిపడుతుంది. పిస్టన్‌ని పట్టుకుంది తుప్పో, ఈ లక్కో తెలియకుండా సుత్తి తీస్తే బేరింగ్‌కి దెబ్బ. వారం తర్వాత కూడా కదలకపోతే హెడ్ విప్పి చూడు. క్రాంక్ సీళ్లు, అదే క్రాంక్ షాఫ్ట్ దగ్గర గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగులు, ఎలాగూ రాయిలా అయిపోయి ఉంటాయ్, అవి మార్చకుండా స్టార్ట్ చేస్తే గాలి లాగి మళ్లీ సీజ్ అవుద్ది.

హబ్ గురించి నాకు తెలియదు, తెలిసినోళ్లు చెప్తారు.

టార్క్‌రెంచ్_మూర్తి:

శీను గారూ, ఆ షాపుకి వెళ్లకండి. మిగతాది నింపాదిగా చదవండి.

నేను కాలిఫోర్నియాలో చాలా ఏళ్లు హెలికాప్టర్ గేర్‌బాక్సులు ఓవర్‌హాల్ చేసే చోట పనిచేశాను. మీ హబ్ మెగ్నీషియందేమో అని నా అనుమానం, అక్కడ అది రోజూ చేతిలో ఆడే సరుకు. మీరు బెల్లం పాకం రంగు అన్నారే, అది క్రోమేట్ పూత కావచ్చు, తుప్పు పట్టకుండా మెగ్నీషియానికి వేస్తారు. ఆ గరుకు ఇసుక అచ్చులో పోత పోసినందువల్ల వచ్చింది. తూకం వేసి తేల్చుకుందాం అనుకోకండి, లోపల బ్రేక్ కోసం ఇనుప రింగు ఉంటుంది, లెక్క తప్పుతుంది. బయటికి కనపడని చోట గోరంత గీకి, ఒక్క చుక్క తెల్ల వెనిగర్ వేయండి. మెగ్నీషియమైతే వెంటనే నురగ వస్తుంది, అల్యూమినియమైతే ఊరికే తడుస్తుంది. వెంటనే కడిగి పొడిగా తుడిచేయండి.

నురగ వచ్చినంత మాత్రాన అది టీమ్ బండిది అయిపోదు. ఆ కాలంలో అమెరికాలో విడిగా మెగ్నీషియం హబ్‌లు అమ్మేవాళ్లూ ఉన్నారు. అసలు టీమ్ బండ్లు కంపెనీ ఆస్తి. సీజన్ అయ్యాక చాలావాటిని వెనక్కి పంపడమో, తుక్కు చేయడమో జరిగేది. బయట మిగిలినవి తక్కువ, అందుకే ఇంత గిరాకీ, ఇన్ని నకిలీలు. 1986లో ఏఎంఏ (అమెరికా మోటార్‌సైకిల్ సంఘం) ప్రొడక్షన్ రూల్ తెచ్చాక అమెరికాలో రేస్ బండి షాపులో అమ్మే బండి మీదే తయారవ్వాలి. పూర్తిగా చేత్తో చేసిన బండ్ల రోజులు అక్కడికి సరి.

మీ బండి చరిత్ర మాత్రం భలే తమాషా. 1970, 71, 72 మూడేళ్లూ జోయెల్ రోబేర్ మోటోక్రాస్‌లో 250 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీకే తెచ్చాడు. 1971 నుంచి 73 దాకా 500 సీసీ టైటిల్ రోజర్ డి కోస్టర్‌ది, అదీ సుజుకీ మీదే. వాళ్ల బండ్లు ఎంత తేలికంటే 1973లో ఎఫ్ఐఎం (ప్రపంచ మోటార్‌సైకిల్ రేసుల సమాఖ్య) కనీస బరువు నిబంధనే పెట్టింది, 500 తరగతికి 95 కిలోలు. అదే కంపెనీ జనానికి అమ్మిన టీఎం 400 ఏమో బరువు, పైగా పవర్ ఒక్కసారిగా తన్నుకొస్తుంది. నేను ఒకసారి తొక్కాను. రెండోసారి ఎవరడిగినా నడుం నొప్పి అంటాను.

ఇక పాలిష్. ఇది నా తప్పు, చెప్పుకోవడానికి సిగ్గే. 2009లో నాకూ ఇలాంటి హబ్ ఒకటి దొరికింది. వీకెండ్ అంతా కూర్చుని నేనే బఫ్ (తిరిగే గుడ్డ చక్రంతో పాలిష్) కొట్టాను, మొహం కనపడేలా మెరిసింది. తర్వాత టీమ్ బండ్లు సేకరించే పెద్దమనిషి ఒకాయన చూసి అడిగిన మొదటి మాట: "బ్రేక్ ప్లేట్ వెనక పసుపు చుక్క ఉండేదా?" ఉండేది. చిటికెన వేలి గోరంత పసుపు పెయింట్, దాని పక్కన చేత్తో కొట్టిన రెండంకెలు, ఒకటి కాస్త వాలి. మురికి అనుకుని నేనే తుడిచేశాను, అంకెల్ని బఫ్ తినేసింది. ఆయన తెచ్చిన పాత టీమ్ బండి ఫొటోలో అవే చుక్క, అవే అంకెలు కనపడుతున్నాయి. ఆయన ఫొటో మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పైగా పాలిష్ కొట్టేటప్పుడు రాలే మెగ్నీషియం పొడికి నిప్పంటుకుందంటే నీళ్లు పోస్తే ఇంకా భగ్గుమంటుంది. గరాజ్‌లో గ్రైండర్ జోలికి పోవద్దు.

తెల్ల పొడిని మెత్తటి నైలాన్ బ్రష్‌తో, చేత్తో తీయండి. స్పోకు తల ఉక్కు, హబ్ మెగ్నీషియం, మధ్యలో తడి చేరితే బ్యాటరీలా పనిచేసి మెగ్నీషియాన్నే తినేస్తుంది. అందుకే మీకు పొడి సరిగ్గా రంధ్రాల దగ్గరే కనపడుతోంది. ఇంకోటి, చలికాలంలో మీ కారు గరాజ్‌లోకి రోడ్డు ఉప్పు మోసుకొస్తుంది. దీన్ని అక్కడ పెట్టకండి, ఇంట్లో పెట్టుకోండి. మీ ఆవిడకి మీరే చెప్పుకోవాలి.

లూవెన్_కుర్రాడు:

నేను బెల్జియంలో ఉంటున్నాను. రోబేర్, డి కోస్టర్ ఇద్దరూ ఈ దేశం వాళ్లే. 2007 దాకా గ్రాండ్ ప్రీ జరిగిన నామూర్ కోట కొండ మీదికి వెళ్లినప్పుడు ఒక తాత పాత బండి తెచ్చి పెట్టాడు, ఇంజన్ ఫిన్నుల (చల్లబరిచే రేకుల) మధ్య ఎండిన మట్టి అలాగే ఉంది. దీన్ని మీరు కడగలేదేం అని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు. మూర్తి గారు చెప్పినదే రైట్.

కొలంబస్_శీను:

మూర్తి గారూ, రాణిగంజ్ అన్నా, థాంక్స్. వెనిగర్ వేశాను. ముందు చక్రం హబ్ తడిసి ఊరుకుంది. వెనకది సోడా కొట్టినట్టు బుస్సుమంది! టెన్షన్‌తో చెయ్యి వణికింది. బ్రేక్ ప్లేట్ తీసి టార్చి వేసి చూస్తే లోపలి అంచున చేత్తో కొట్టిన ఒక 7, దాని కింద ఏదో సగం అంకె. పసుపు చుక్క లేదు. ఈ చక్రంతో బండి నడపొచ్చా?

టార్క్‌రెంచ్_మూర్తి:

నడపొద్దు. రంధ్రాల మధ్య పగుళ్లు కంటికి కనపడవు. స్పోకులు విప్పి డై పెనెట్రెంట్ టెస్ట్ (రంగు ద్రవం పూసి సన్నటి పగుళ్లు కనిపెట్టే పరీక్ష) చేయించండి, అది బాగున్నా సరే తొక్కడానికి వేరే చక్రం పెట్టుకోండి. విప్పేముందు ఏ స్పోకు ఎటు దాటిందో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. పెద్దాయన నంబర్ ఉంటే, ఆ చక్రం ఎవరి దగ్గర కొన్నాడో అడిగి, ఆయన మాటల్లోనే రాయించి సంతకం తీసుకోండి. ఆ కాగితం హబ్ కంటే ముందు కావాలి.

కొలంబస్_శీను:

నంబర్ ఉంది. ఆయనకి 81 అన్నాడు. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను. హబ్ ప్రస్తుతం మా పూజగది పక్క అల్మారాలో, మా ఆవిడ పాత కాటన్ చీరలో ఉంది. ఆమెకింకా తెలియదు.