పేజ్‌మేకర్ 7.0 పీడీఎఫ్‌లో అను ఫాంట్లు ఎంబెడ్ కావట్లేదు, ఏం చేయాలి?

హన్మకొండలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్. పాత ఫైళ్లన్నీ 2001 నాటి పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0, అను తెలుగు ఫాంట్లలోనే ఉన్నాయి. పాత కంప్యూటర్ డబ్బా నేడో రేపో అన్నట్టుంది. అందుకే విండోస్ 11 మీద వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, అందులో 32 బిట్ విండోస్ ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్ ఇచ్చాం. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8 తర్వాత సపోర్టు లేదు కాబట్టి నెట్‌వర్క్ అడాప్టర్ తీసేశాం. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్‌లోంచి వస్తున్నాయి, ఇబ్బంది లేదు.

చిక్కంతా పీడీఎఫ్‌తోనే. పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు (ప్రింటర్‌కు పంపే రూపం) తీసి, దాన్ని పీడీఎఫ్‌గా మార్చే డిస్టిల్లర్‌లో వేస్తున్నాం. మా దగ్గర అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. ప్రెస్సులో తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాల కలగూరగంప. యూనికోడ్ ఫాంట్లు కావు కదా, తెలుగు రూపాలు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీదే ఉంటాయి; ఎంబెడ్ కాకపోతే, అంటే ఫాంటు పీడీఎఫ్‌లోనే చేరకపోతే, అంతే మరి. డిస్టిల్లర్‌లో 'ఎంబెడ్ ఆల్ ఫాంట్స్' టిక్ పెట్టే ఉంది.

ప్రింటర్ డ్రైవర్‌లో ట్రూటైప్ ఫాంట్లను సాఫ్ట్‌ఫాంట్‌గా పంపాలా, అవుట్‌లైన్‌గానా? ఏ పీపీడీ (ప్రింటర్ వివరాల ఫైలు) వాడుతున్నారు? పేజ్‌మేకర్ ఫైళ్లను అడోబ్ వాళ్ల మరో పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సీఎస్6 తెరుస్తుంది, తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. సీఎస్6లోకి మార్చినవాళ్లుంటే చెప్పండి, ఒత్తులు, లైన్ల విరుపు అలాగే నిలిచాయా?