స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకి రేబిస్ టీకా వేయించొచ్చా?

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా లాబ్రడార్‌కి ఆరేళ్లు. వానలు మొదలైతే చాలు, పాదాలు నాకి నాకి వేళ్ల మధ్య ఎర్రగా చేసుకుంటుంది. అలర్జీ మాత్ర సెట్రిజిన్‌తో తగ్గలేదు. డాక్టరుగారు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రాశారు, మూడో రోజుకే దురద పోయింది. కానీ ఒకటే దాహం! అర్ధరాత్రి రెండుసార్లు కిందికి తీసుకెళ్లాలి (మాకు లిఫ్ట్ లేదు). ఇది ఒంట్లో తయారయ్యే కార్టిసాల్ హార్మోన్ లాంటి మందు కాబట్టి ఆ సొంత హార్మోన్ తయారీ తగ్గుతుందని, ఒక్కసారిగా ఆపకూడదని అన్నారు. డోసు మెల్లగా తగ్గిస్తున్నాం.

వచ్చే వారం రేబిస్ బూస్టర్ ఉంది. అలర్జీని అణిచే మందు టీకా పనిని కూడా అణిచేస్తుందా? ఇలాంటప్పుడు మీరెవరైనా కోర్సు అయ్యాక ఎన్నాళ్లు ఆగి వేయించారు? మా వీధిలో కుక్కలెక్కువ, వాయిదా వేయాలంటే టెన్షన్‌గా ఉంది.