ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టు: తెరిచేలోగా ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న (రాజోలు ప్రాంతం నుంచి)

మా వారు ఎనిమిదేళ్లుగా కువైట్‌లో పనిచేస్తున్నారు. సంక్రాంతికి వచ్చి ఇక్కడే ఉండిపోతానంటున్నారు. మా ఇంట్లో రోడ్డు వైపు తెరుచుకునే గది ఒకటి ఉంది, చేతిలో నాలుగు లక్షల రూపాయలున్నాయి. వీధిలో ఉన్న ఒక్క పచారీ కొట్టూ యజమాని పెద్దవారైపోవడంతో మూతపడింది. ఇప్పుడు చింతపండు కావాలన్నా సెంటరు దాకా నడవాలి. కొట్టు పెడదామన్న ఆలోచన నాదే గాని, మా ఇద్దరికీ వ్యాపారం కొత్త. సరుకు ఎంత వేయాలో, ఏ కాగితాలు కావాలో అనుభవజ్ఞులు చెప్పగలరు. అన్నిటికన్నా అరువు గురించి నాకు భయంగా ఉంది, ఎందుకంటే రేపు అడగబోయేవారంతా బంధువులో, వరసలు కలిపి పిలుచుకునేవారో.

సమాధానం (పాలకొల్లు దగ్గర దుకాణదారు)

అమ్మా, నేను ఇరవై రెండేళ్లుగా కొట్టు నడుపుతున్నాను. మొదటి సరుకుకు రెండు లక్షలు దాటనివ్వకండి. అరలకు, కాటాకు, ఫ్రిజ్‌కు పోగా కనీసం ఒక లక్ష బ్యాంకులోనే ఉండాలి. ఆ లక్ష అరువు కోసం. మన డెల్టాలో అరువు లేకుండా వీధి కొట్టు నడుస్తుందంటే నేను నమ్మను. కౌలు రైతుకు తొలి పంట సార్వా మాసూళ్లయ్యాక ఒకసారి, రెండో పంట దాళ్వా మాసూళ్లయ్యాక ఒకసారి రొక్కం కనిపిస్తుంది; ఊడ్పులు మొదలైన నాటి నుంచి ధాన్యం అమ్ముడయ్యేదాకా ఆ ఇంటి వెచ్చాలు మన పద్దులోనే నడుస్తాయి.

నేను కొట్టు తెరిచిన మూడో ఏడు కోతల వేళ వానలు పడి పనలు చేలోనే తడిసిపోయాయి. అప్పటికి నా పద్దులో 1,40,000 రూపాయలు నిలిచాయి, టోకు వర్తకుడు పాత బాకీ తీర్చేదాకా బస్తా కదలదన్నాడు, నేను మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాను. అరువు ఇచ్చినందుకు నేను బాధపడలేదు, హద్దు చెప్పకుండా ఇచ్చినందుకు బాధపడ్డాను. ఆనాటి నుంచి ప్రతి ఇంటికీ ఒక మొత్తం చెప్పి, రెండు పుస్తకాలు పెట్టి, ఒకటి వారి చేతికే ఇచ్చి, సరుకు కట్టేటప్పుడే రెండింటిలోనూ వారి ఎదుటే రాస్తున్నాను. బంధువులకు ఈ మాట మరీ ముందుగా చెప్పాలి. ఆరు నెలలు ఇచ్చాక చెబితే అది లెక్కలా కాక అవమానంలా వినిపిస్తుంది.

సమాధానం (భీమవరంలో దుకాణాల లెక్కలు రాసేవారు)

కాగితాల విషయం అంత పెద్దది కాదు. తినే సరుకులు అమ్ముతారు కాబట్టి 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద నమోదు చేయించుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. సరుకులు మాత్రమే అమ్మేవారికి మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కరలేదు. అయినా కొన్న బిల్లులు మాత్రం మొదటి రోజు నుంచీ దాచండి. ప్యాకెట్ సరుకు తక్కువకు వస్తోందని పెట్టెల కొద్దీ దించుకోవద్దు. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, టూత్‌పేస్టులు, తలనూనెల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, పాత ధర ముద్రించిన పెట్టెలు ఎక్కువగా ఉన్నవారే ఎక్కువ తికమకపడ్డారు.

సమాధానం (అంబాజీపేట నుంచి, దుకాణదారు కుమార్తె)

అక్కా, మా నాన్నగారి కొట్టులో పెరిగినదానిగా రెండు మాటలు చెబుతాను. మన గాలిలో తేమ ఎక్కువ, అందువల్ల బస్తాను నేల మీద పెట్టినా, గోడకు ఆనించినా, వానాకాలంలో పంచదార చెమ్మగిల్లుతుంది, పప్పులకు పురుగు పడుతుంది. చెక్క బల్లల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. పాత సరుకు ముందుకు, కొత్తది వెనక్కు ఉండాలి. కార్తీక మాసంలో కోడిగుడ్లు కదలవు, వత్తులు, కర్పూరం, ఉప్మా రవ్వ చాలవు. సంక్రాంతి బెల్లం, నువ్వులు పండగకు పదిహేను రోజుల ముందే రావాలి, పండగ దాటాక బెల్లం మిగిలితే కారిపోతుంది.

మీకు ఇంకా వ్యవధి ఉంది గనుక, మీ వీధిలో ప్రతి ఇల్లూ నెలకు ఏ బ్రాండు టీపొడి, ఎన్ని కిలోల కందిపప్పు, ఏ సైజు నూనె ప్యాకెట్టు కొంటుందో ఇప్పటి నుంచే అడిగి రాసుకోండి. ఏజెంటు చెప్పే మాటకన్నా ఆ నోటు పుస్తకమే మొదటి సరుకు చీటీ కావాలి. వీలైతే ఎవరి కొట్టులోనైనా ఒక నెల పొట్లాలు కట్టండి. చేతికి తూకం అలవాటు కావడానికి వేరే దారి లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. నిన్నటికి పదకొండు ఇళ్లు రాశాను. గల్ఫ్ డబ్బు వచ్చే నాలుగు ఇళ్లవారు నెల సరుకు మొత్తం టౌన్‌లోనే కొంటున్నారు, మన కొట్టుకు వారి నుంచి వచ్చేది పాలు, పెరుగు, హఠాత్తుగా అయిపోయిన ఉప్పు వంటివే. కూలికి వెళ్లే ఇళ్లవారు పావు కిలో, అర కిలో చొప్పున రోజూ కొంటున్నారు. కాబట్టి పెద్ద ప్యాకెట్లు తగ్గించి విడి సరుకు ఎక్కువ వేస్తాను. మా తోడికోడలికి రెండు వేల దాకానే అరువని నిన్ననే చెప్పాను. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకున్నారు గాని, వెళ్లేటప్పుడు మొదటి పుస్తకం మీద తన పేరే రాయమన్నారు.