లేసు మీద అల్లినవాళ్ళ పేరు ఉండాలా, అక్కర్లేదా?

మొగల్తూరు పిల్ల:
మొన్న ఒక హస్తకళల ఎగ్జిబిషన్‌లో మా అమ్మ అల్లిన పువ్వున్న టేబుల్ క్లాత్ చూశాను. గుండ్రటిది. మధ్యలో పెద్ద పువ్వు, చుట్టూ చిన్న పువ్వుల వరస. పక్కన బోర్డు మీద స్టాల్ పేరు, 'నరసాపురం లేసు' అని పెద్ద అక్షరాలు, ధర. అల్లిన మనిషి పేరు ఎక్కడా లేదు. 2024లో మన లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అన్న గుర్తింపు, వచ్చినప్పుడు అందరం సంతోషపడ్డాం. అది ఊరికి వచ్చిన పేరు. మరి మనిషికి? ప్రతి పీసు మీదా అల్లినవాళ్ళ పేరు ఉండాలంటాను. మీరేమంటారు?

వశిష్ఠ గట్టు:
మాది మూడు తరాల లేసు వ్యాపారం, అందుకే చెబుతున్నా. అది అన్నంత తేలిక కాదండి. ఒక టేబుల్ క్లాత్ ఒక్కరే నేయరు. పువ్వులు ఒక ఊళ్ళో అవుతాయి, అతుకుపని ఇంకో ఊళ్ళో. ఉతికి ఇస్త్రీ చేసేది మా దగ్గర. ఏడుగురి చేతులు పడ్డ పీసు మీద ఎవరి పేరు రాయమంటారు?

పాలకొల్లు మాస్టారు:
లేసు నేయరండి, అల్లుతారు. నేతకి మగ్గం కావాలి, పడుగు పేక ఉండాలి. ఉప్పాడ జాందానీ చీర అయితే నేత. లేసుకి కావలసింది కొక్కెం ఉన్న సూది, దారం. మూడు తరాల వ్యాపారం అన్నవాళ్ళే ఈ మాట తప్పుగా వాడితే ఎలా?

వశిష్ఠ గట్టు:
అల్లరు అనే చదువుకోండి. విషయం అది కాదు.

పాలకొల్లు మాస్టారు:
విషయం అదే. పని పేరు సరిగ్గా పలకనివాళ్ళు పనిచేసేవాళ్ళ పేరు ఏం రాస్తారు?

కొత్తపేట రంగులు:
సినిమాకి వందల మంది పనిచేస్తారు, పేర్లు వేస్తున్నారు కదా. చిత్రకారుడు దామెర్ల రామారావు గారు ముప్పై నిండకుండానే 1925లో పోయారు. ఇవాళ్టికీ రాజమండ్రిలో ఆయన పేరున ఆర్ట్ గ్యాలరీ ఉంది. పేరు నిలిస్తేనే పని నిలుస్తుంది. నా సంగతి చెబుతాను. ఒక కల్యాణమండపం గోడ మీద పన్నెండు రోజులు కష్టపడి గోదావరి బొమ్మ వేశాను. మూల చిన్న సంతకం పెడితే, పెళ్ళి ఫోటోల్లో పడుతుందని దాని మీద సున్నం కొట్టించారు. ఆ తెల్ల మరక తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అంతర్వేది రేవు:
పేరు తర్వాత. ముందు కూలి పెంచమనండి.

వశిష్ఠ గట్టు:
కూలి ఎక్కణ్ణుంచి పెంచాలి? మిషన్ లేసు, చైనా సరుకు వచ్చి పడ్డాక చేతి పని అడిగేవాళ్ళే తగ్గారు. పైగా పెయింటింగుతో దీన్ని పోలిస్తే ఎలాగండి? డిజైన్ ఇచ్చేది మేము. ఆడవాళ్ళు ఇంటి పని అయ్యాక ఖాళీ టైంలో అల్లుకునేదే కదా.

మొగల్తూరు పిల్ల:
ఖాళీ టైమా? మా అమ్మ చూపుడు వేలు మీద దారం రాసుకుని గాడి పడింది. పగిలితే పసుపు అద్దుకుని మళ్ళీ అల్లేది. రాత్రి మేం పడుకున్నాక గుమ్మం దగ్గర లైటు కింద కూర్చునేది. నలభై ఐదు దాటేసరికి చూపు ఆనక, కన్నాన్ని వేలితో తడుముకుని సూది దించేది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, పీసులు తూచి తీసుకునేవాడు, తరుగు వస్తే డబ్బులు కోసేవాడు. ఖాళీ టైం పనికి తూకం ఎందుకండీ? మరియా మీస్ అని జర్మనీ ఆవిడ మన నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద 1982లో పుస్తకమే రాసింది. సరుకు ప్రపంచ మార్కెట్‌కి వెళ్తుంటే, అల్లేవాళ్ళని మాత్రం గృహిణులని, వాళ్ళ పనిని తీరిక పని అని అంటున్నారని అందులో ఉంది. మీరు ఇవాళ మళ్ళీ అదే మాట అన్నారు.

వశిష్ఠ గట్టు:
అందరినీ ఒకే గాటన కట్టకండి. ఆర్డర్ రద్దయిన ఏడాది మా నాన్న అరెకరం అమ్మి కూలి డబ్బులు ఇచ్చాడు. ఆ సంగతి ఎవరు రాశారు? సరే, దాపరికం ఎందుకు, ఉన్నమాట చెబుతా. పేరూ ఊరూ రాస్తే కొనేవాడు రేపు నేరుగా ఆవిడ గుమ్మంలోకే వెళ్తాడు. దారం పెట్టుబడి మాది, వెనక్కొచ్చిన సరుకు మా నెత్తిన. అప్పుడు మేమేమైపోవాలి?

అంతర్వేది రేవు:
ఇదీ అసలు భయం.

మొగల్తూరు పిల్ల:
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ లేకపోయేది. వెనక్కొచ్చిన సరుకు బరువు మీదే, మీ నాన్నగారు చేసింది పెద్ద పని, ఒప్పుకుంటాను. కానీ ఎవరి చెయ్యో తెలీదన్న మాట ఒప్పుకోను. ఎగ్జిబిషన్‌లో తీసిన ఫోటో అమ్మకి చూపించాను. ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "నడిమి పువ్వు నాది. ఈ చిన్నవి వీధి చివర పిన్నివి, ఆవిడ దారం బిగించి లాగుతుంది, రేకులు ముడుచుకుంటాయి. అతుకు ఎవరో కొత్తపిల్లది, ముడి పైకి తేలింది" అంది. మీ దగ్గరున్న పీసుల ఫోటోలు పెట్టండి, అమ్మ చెబుతుంది.

పాలకొల్లు మాస్టారు:
అమ్మగారి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టమ్మా.

వశిష్ఠ గట్టు:
ఫోటోలు ఇక్కడ పెట్టను, డిజైన్లు ఎత్తుకుపోతారు. అమ్మగారిని తీసుకుని నరసాపురం రండి, గోడౌన్‌లోనే చూపిస్తా. పేర్లు రాయడానికి ఒప్పుకున్నట్టు మాత్రం కాదు.

మొగల్తూరు పిల్ల:
బుధవారం వస్తాం. చీటీలు, పెన్ను నేను తెస్తాను.